మరకతమ్మ చీర

వరంగల్ బట్టల బజార్‌లో బట్టతల సేటు ఎవరని అడిగితే ఎవరైనా సరే మా కొట్టుకే చెయ్యి చూపిస్తారు. కనబడకపోయినా ఫికర్ లేదు, నా గొంతు పట్టుకొని వచ్చేయొచ్చు. చీరలమ్మడం నా పని. చీర కొన్నా కొనకపోయినా సినిమా మీద అభిప్రాయం ఉచితం. చీర రంగు పోతే పోవచ్చు గాని నా అభిప్రాయం రంగు మాత్రం పోదు.

ఈ మధ్య వచ్చే సినిమాల సంగతే తీసుకోండి. ప్రతిదీ పాన్ ఇండియా అంటున్నారు. నిజమే, తెర మీద ఎవడు నోరు తెరిచినా ఎర్రగా కారుతుంది. కాకపోతే అది పాన్ కాదు, నెత్తురు. హీరోకు ఓ గడ్డం, చేతిలో ఓ గొడ్డలి. ఆ రెండింటి నడుమ కథ ఉండాల్సిన చోట స్లో మోషన్ ఉంటుంది. దుమ్ములోంచి నడిచి వస్తుంటాడు. నేను బయటికి పోయి చాయ్ తాగి, పక్క సీటాయన యోగక్షేమాలు కనుక్కొని వచ్చినా ఇంకా వస్తూనే ఉంటాడు. బీజీఎం దెబ్బకు బీపీ పెరిగి, ఇక ఏదో తేలుతుందిలే అనుకునేసరికి రెండో భాగంలో కలుద్దామంటారు. చీర సగం మడత విప్పి, కొంగు మాత్రం వచ్చే ఏడాది చూపిస్తానని నేనంటే ఏ ఆడకూతురైనా ఊరుకుంటుందా?

ఇక ఓటీటీ. మా ఇంట్లో దాన్ని 'ఒట్టిటీ' అంటాను. మొదటి భాగంలో శవం దొరుకుతుంది. ఎవరు చంపారో తేలేలోపు ఆ శవం కన్నా ముందు మనం చల్లబడతాం. అంతా చీకట్లోనే తీస్తారు. నా కొట్లో అంత చీకటే ఉంటే నలుపును నీలమని అమ్మేసి హాయిగా ఉందును.

ఇన్ని మాట్లాడుతున్నానని నన్ను పెద్ద సినిమా పండితుడనుకోకండి. ఆదివారం ఆట చూసి సోమవారం గల్లా ముందు కూర్చొని వాగే మామూలు ప్రేక్షకుణ్ణి. సీరియళ్లైతే ఇంకా మామూలు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయినప్పుడు నిన్నటి భాగం మళ్లీ వేస్తుంటారు కదా, దాన్ని ఒక కంటితో చూస్తాను. రెండో కన్ను పచ్చిపులుసు మీద ఉంటుంది.

ఆ ఒక కన్నైనా వెయ్యక తప్పదు. అది మా వ్యాపారం. సూరత్ నుంచి వచ్చే కట్టలో చీరకు నంబరు తప్ప పేరుండదు. నంబరు చెప్తే ఎవరూ కొనరు. అందుకని మా బజార్‌లో చీరకు మేమే పేరు పెడతాం. సీరియల్లో ఎవరు కడితే ఆ పేరు. 'గౌతమి చీర చూపియ్యి' అని అడుగుతారు. 'ఏడ్చినప్పటిదా, గుడికి పోయినప్పటిదా?' అని మేం తిరిగి అడగాలి. అడగలేకపోతే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. ఈ గౌతమి 'గడప దాటని గౌతమి' అనే సీరియల్లో కోడలు. ఏళ్ల తరబడి వస్తోంది. పాపం, ఇంకా దాటలేదు.

మా ఆవిడ నిర్మల దాన్ని రెండు కళ్లతోనూ చూస్తుంది. కొట్లో ఏ చీరకు ఏ పేరన్నది ఆమె డిపార్ట్‌మెంట్. సరిగ్గా ఆమె చెల్లెలింటికి పోయిన రోజే భద్రమ్మ వచ్చింది.

భద్రమ్మది వర్ధన్నపేట. అక్కడి బస్టాండ్ దగ్గర సాయంత్రాలు మిరపకాయ బజ్జీల బండి పెడుతుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు స్రవంతి. ఆ పిల్ల చదువుకొని హనుమకొండలో ఓ ల్యాబులో పని చేస్తోంది. రఘునాథపల్లిలో కరెంటు లైన్‌మన్‌గా చేసే వినయ్‌తో సంబంధం కుదిరింది. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. ఆదివారం పూలుపండ్లు. అంటే ఆడపిల్ల వాళ్లు మగపిల్లవాడి ఇంటికి పోయి బట్టలు పెట్టి, మాట ఖాయం చేసుకొని రావడం. ఆ రోజు వియ్యపురాలికి పెట్టే చీర మీద అందరి కళ్లూ ఉంటాయి.

"సేటూ, జర మంచిది తియ్యి," అంది భద్రమ్మ మెట్టు మీద కూర్చుంటూ. "నాక్కాదు. మా వియ్యపురాలు కట్టమ్మకు. చీర జూసి ఆమె మనసు సల్లవడాలె. నా బిడ్డ పోయి ఉండేది ఆమె చేతికిందనే."

"కట్టమ్మకా? పేర్లనే కట్టుడున్నది, ఇగ కట్టకుంట ఏడికి పోతది!" అన్నాను.

"మాటలు కాదు, చీర తియ్యి."

తీశాను. ముదురాకుపచ్చ పట్టు, మెరూన్ రంగు పెద్దంచు. అంచు చూసి అంచనా వేయడం నాకు పుట్టుకతో వచ్చింది. ఆ చీర ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే పచ్చిపులుసు మధ్యలో చూసిన సీను గుర్తొచ్చింది. పెద్ద బంగ్లా. మెట్ల మీద ఒకావిడ, నడుముకు తాళాల గుత్తి. ఆమె ఒక్కో మెట్టు దిగుతుంటే కింద ఇంటిల్లిపాదీ లేచి నిలబడ్డారు. పేరు మరకతం. ఇంకేం కావాలి?

"భద్రమ్మా, ఇది మరకతమ్మ చీర!" అని బజారంతా వినేలా ప్రకటించాను. "పెద్దింటి పెద్దావిడ. ఇంట్ల ఆమె మాటే మాట. ఆమె కదిలితె ఇల్లు కదుల్తది."

"గట్లనా? పెద్దమనిషేనా?"

"పెద్ద అంటె మామూలు పెద్దనా! ఆమె మెట్ల మీదుంటె కింద మొగోళ్లు గూడ కూసోరు."

భద్రమ్మ చీరను వెలుగులోకి తిప్పి చూసింది. కొంగు బుగ్గకు ఆనించుకొని మెత్తదనం చూసింది. "అయితె గిదే కట్టియ్యి. పేరు జెప్పి మరీ పెడ్త."

చెప్పే పెట్టింది. అక్కడే వచ్చింది తిప్పలు.

పూలుపండ్లు అయిన మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచేసరికి భద్రమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. మొహం చూడగానే నా నోట్లో సిద్ధంగా ఉన్న చలోక్తి వెనక్కి పోయింది. నిర్మల లోపల దేవుడికి అగరొత్తి వెలిగిస్తోంది.

"సేటూ, ఏం చీర ఇచ్చినవు నాకు?" అంది భద్రమ్మ.

"ఏమైంది? చినిగిందా?"

"చీర చినుగలే, సంబంధమే చినిగేటట్టున్నది. పళ్లెంల వెట్టి, నలుగురు ఇనేటట్టు జెప్పిన. 'వదినా, మీరు గీ ఇంటికి మరకతమ్మ అసుంటోళ్లు, అందుకనే ఏరి తెచ్చిన' అన్న. అంతే. ఎనుక నుంచి ఆమె ఆడిబిడ్డలు కిసుక్కున నవ్విన్రు. కట్టమ్మ మొకం మాడిపోయింది. లగ్గం ఎప్పుడు వెట్టుకుందామంటే 'సూద్దాం తియ్' అన్నది. ఇప్పుడు ఫోన్ గూడ ఎత్తుతలేదు."

లోపలి నుంచి నిర్మల అగరొత్తి చేత్తోనే వచ్చింది. "ఏ చీర ఇచ్చిన్రు?"

"మరకతమ్మది," అన్నాను గర్వంగానే.

నిర్మల నన్ను చూసిన చూపుకు అగరొత్తి దానంతటదే ఆరాల్సింది. "వియ్యపురాలికా? మరకతమ్మ చీరనా? శనివారం ఆమె ఏం జేసిందో ఎరుకేనా మీకు? కోడలు తాగే పాయసంల మందు కలిపింది. గదే చీర కట్టుకోని!"

"అదే చీరతోటేనా?"

"సీరియల్ల ఒక్క రోజు గడవాలంటె మనకు వారం పడ్తది. వారమంత అదే చీర. మంగళవారం మెట్లు దిగింది, శనివారం పాయసం కలిపింది. ఊరూరంత చూసిన్రు. ఆదివారం పొద్దుగాల గదే చీర పళ్లెంల వెట్టి, నువ్వు ఆమె అసుంటిదానివని చెప్తె, ఏ ఆడిది ఊకుంటది?"

"ఆమె అత్త గాదా? పెద్దావిడ లెక్కనే ఉంటది మరి," అన్నాను నీళ్లు నములుతూ.

"అత్తనే. చంపే అత్త."

భద్రమ్మకు ఇప్పుడు అర్థమైంది. కొంగుతో మొహం కప్పుకుంది. "అయ్యో. గందుకా నవ్విన్రు. నా బిడ్డ నిన్నటిసంది సరిగ తింటలేదు సేటూ. పిలగాడు మంచోడు. తల్లి మాట కాదనడు, నా బిడ్డను కాదనడు. నడుమల నలుగుతాండు. ఇప్పుడు ఆమె వద్దంటె ఇగ అంతే. నువ్వు చెప్పినవు, నేను అన్న. నువ్వే ఏదన్న చెయ్యాలె."

మరకతంతో మరక అంటించింది నేను. ఉతకాల్సింది కూడా నేనే. ఆ రోజు మధ్యాహ్నమే కొట్టు మూసి, గౌతమి గుడికి పోయినప్పటి చీర ఒకటి సంచిలో పెట్టుకొని, నిర్మలను వెంటబెట్టుకొని రఘునాథపల్లి బస్సెక్కాను.

మా ముందు సీట్లో ఓ కుర్రాడు ఫోన్లో సినిమా చూస్తున్నాడు. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, కనుక బస్సంతా వింటోంది. కాజీపేట దాటేసరికి హీరో ఓ ఊరిని తగలబెట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేసరికి అందుకు కారణం చెప్పాడు.

"చూసినవా," అన్నాను నిర్మలతో, "ఫ్లాష్ బ్యాక్ అంటె ఇదివరకు కథకు వెన్ను ఉండేది. ఇప్పుడు వెన్నుపోటు. ఇంటర్వెల్ కాంగనే..."

"ఇగో," అంది నిర్మల, "అక్కడ మీరు సినిమా ముచ్చట్లు పెట్టొద్దు. సీరియల్ ముచ్చట అసలే వద్దు. పోయినమా, తప్పైందన్నమా, చీర మార్చినమా, వచ్చినమా. గంతే."

"గంతే," అన్నాను. నేను అంత చిన్న వాక్యం అన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

కట్టమ్మ ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తీసింది వినయే. పొడుగ్గా, వంగి మాట్లాడే కుర్రాడు. మేమెవరమో చెప్పగానే వాడి మొహంలో కరెంటు వచ్చింది. "మంచి పని జేసిన్రు బాబాయ్," అన్నాడు మెల్లగా. "మా అమ్మ నిన్నటిసంది నాతోటి గూడ సరిగ మాట్లాడుతలేదు. లోపలికి రాన్రి. కానీ..." అని గోడ గడియారం చూశాడు.

ఆ 'కానీ' ఏమిటో లోపలికి పోయాక తెలిసింది. కట్టమ్మ టీవీ ఎదుట కుర్చీలో కూర్చొని ఉంది. గట్టి మనిషి, కళ్లు చురుకు. మేం బట్టల బజార్ నుంచి వచ్చామనగానే పెదవి బిగించింది. అయినా ఇంటికొచ్చిన వాళ్లం కదా, కుర్చీలు వేయించింది, మంచినీళ్లిప్పించింది.

"కూసోన్రి. గౌతమి వచ్చే యాళ్లైంది," అంది. "మాటలేమన్నుంటె అడ్వర్టైజ్‌మెంట్ల."

అలా మా రాయబారం మొదలైంది. నేను మునుపు కూడా తగవులు తీర్చాను గాని, సబ్బు ప్రకటన వస్తే నోరు తెరిచి, అది పోగానే నోరు మూసుకునే రాయబారం ఇదే మొదలు.

సీరియల్ మొదలైంది. మరకతం మెట్ల మీదే ఉంది. ఈసారి వంకాయ రంగు చీర. పాయసం తాగిన గౌతమి కళ్లు తిరిగి పడిపోవాలి కదా, పడడానికే సగం భాగం పట్టింది. ఆమె తల తిప్పితే ఒకసారి ఉరుము, మామగారు చూస్తే ఇంకో ఉరుము, వంటమనిషి చూస్తే కూడా ఉరుమే. అన్ని ఉరుములకు మా జిల్లా చెరువులన్నీ నిండి మత్తడి దూకాల్సింది.

ప్రకటనలు రాగానే సంచీలోంచి కొత్త చీర తీశాను. "కట్టమ్మక్కా, గా పేరు చెప్పిందే నేను, తప్పంత నాది. భద్రమ్మకు ఏం తెల్వదు. గిది తీసుకోన్రి, గౌతమి గుడికి పోయిన చీర. పాతది నాకిచ్చేయున్రి."

"చీర మార్చుకునే ముచ్చట గాదు సేటూ," అంది కట్టమ్మ, చీర వైపు చూడనైనా చూడకుండా. "నలుగుట్ల భద్రమ్మ నాకు ఆ మరకతం పేరు వెట్టింది. ఇయ్యాల పాలకేంద్రం కాడికి పోతె 'మరకతమ్మ వస్తాంది, పాయసం దాసున్రి' అంటాన్రు. మా ఆడిబిడ్డలైతె ఫోన్ జేసి మరీ నవ్వుతాన్రు. కోడలు ఇంక ఇంట్ల కాలు వెట్టలే. నేను అప్పుడే గయ్యాళి అత్తనైన."

"ఆమె ఉద్దేశం గది కాదక్కా..." అంటూ నిర్మల అందుకుంది.

"వచ్చింది, వచ్చింది. సప్పుడు జెయ్యకున్రి."

మళ్లీ గౌతమి. ఈసారి లేచింది. లేచి నేరుగా పూజగదికి పోయి, దేవుడి ముందు కూర్చొని ఏడవడం మొదలుపెట్టింది. పాయసంలో ఏం కలిసిందని అడగలేదు, గిన్నె వైపైనా చూడలేదు. దవాఖానకు పోదామన్న ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదు. అక్కడ మరకతమేమో ఒక చేత్తో ఫ్యాక్టరీ ఫోను మాట్లాడుతూ, ఇంకో చేత్తో గిన్నె కడిగేసింది.

నేను నోరు బిగబట్టుకున్నాను. నిజంగానే బిగబట్టుకున్నాను. కానీ గౌతమి ఏడుపు మూడో శ్లోకంలోకి వచ్చేసరికి నా వల్ల కాలేదు.

"ఈ పిల్ల ఎన్నడన్న ఒక్క పని జేస్తదా?" అన్నాను. "దీపంల నూనె కన్న ఆమె కంట్ల నీళ్లే ఎక్కువున్నయ్. ఒత్తి వేస్తె వెలిగేటట్టున్నది!"

నిర్మల కాలితో నా కాలు తొక్కింది. తొక్కితే ఆగే రకం కాదు నా నోరు.

"మరకతమ్మను చూడు. పొద్దుగాల లేస్తది, ఫ్యాక్టరీ నడుపుతది, ఇంట్ల ఎవలు తిన్నరు ఎవలు తినలేదు చూస్తది. గిన్నెలు గూడ ఆమెనే కడుగుతాంది! ఆమె ఒక్క దినం సెలవు వెడితె ఈ సీరియల్ సీరియస్సై దవాఖానల పడ్తది. పని జేసేదేమో విలన్, పండుకోని ఏడిసేదేమో హీరోయిన్. ఇదేం న్యాయం?"

కట్టమ్మ నన్ను కసరలేదు. టీవీ వైపే చూస్తోంది గాని పెదవి చివర ఏదో కదిలింది. ప్రకటన వచ్చింది. ఆమె గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి, "నేను చూసేదే ఆమె కోసం," అంది.

నిర్మల కుర్చీ ముందుకు లాక్కుంది. "నేను గూడ అక్కా."

"ఎవలకు చెప్పకు."

"ఎందుకు చెప్త?"

కట్టమ్మ లేచి లోపలికి పోయింది. బీరువా తలుపు చప్పుడైంది. వచ్చేటప్పుడు చేతిలో ఆ ఆకుపచ్చ చీర ఉంది. మెత్తటి తువ్వాలులో చుట్టి దాచుకుంది. కోపం తెప్పించిన చీరను ఎవరూ అలా దాచుకోరు. ముప్పై ఏళ్లుగా చీరలు అమ్ముతున్నవాణ్ణి, ఆ మడత చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"చీర నాకు నచ్చింది సేటూ. అదే నా బాధ," అంది కట్టమ్మ. "లగ్గమైన కొత్తల గిసుంటి ఆకుపచ్చ పట్టు కావాలన్న. 'నల్లటిదానివి, నీకు పచ్చ ఏం ఒప్పుతది' అన్నది మా అత్త. గప్పటిసంది నోరు తెరిసి అడగలే. గిప్పుడు అడగకుంటనే చేతికొచ్చింది. కట్టుకుంటె ఊరు నవ్వుతది."

పట్టు చీర మీద ఆమె పట్టు ఎందుకో ఇప్పుడు తెలిసింది గాని, అది నవ్వే సంగతి కాదు.

"ఒక్కటి చెప్పున్రి," అంది కట్టమ్మ. "భద్రమ్మ తెలిసి అన్నదా, తెల్వక అన్నదా? తెల్వక అంటె అయిపాయె. తెలిసి అంటె మాత్రం, ఇప్పుడే నన్ను నలుగుట్ల గట్లన్నామె రేపు బిడ్డకు ఏం నేర్పి పంపుతది? గిదే ఆలోచనతోటి నాకు రాత్రంత నిద్ర పట్టలే."

"తెల్వదక్కా, ఒట్టు," అన్నాను. "ఆమె సీరియల్ చూడది."

కట్టమ్మ నన్ను చూసింది. సీరియల్ చూడని ఆడమనిషి ఉంటుందని నేను చెప్పడం ఆమెకు అన్నిటికన్నా పెద్ద అబద్ధంలా తోచినట్టుంది. "గౌతమిని చూడకుంట ఎట్లుంటది? మనిషి గాదా?"

ఇక మాటలతో అయ్యే పని కాదు. నిర్మల ఫోన్ తీసి భద్రమ్మకు వీడియో కాల్ కొట్టింది.

ముందు పొగ కనబడింది. పొగలోంచి జాలిగంటె, ఆ వెనక భద్రమ్మ. నుదుటి మీద చెమట, ముంజేతుల దాకా శనగపిండి. బండి చుట్టూ జనం, వాళ్లలో ఎవరో ఫోన్ పట్టుకున్నారు. వియ్యపురాలి మొహం కనబడేసరికి జాలిగంటె వెనక్కి దాచి, పిండి చేత్తోనే కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"వదినా! బాగున్నవా?"

"బాగనే ఉన్న. ఒకటి అడుగుత చెప్పు. మరకతం ఎవలు?"

భద్రమ్మ బిత్తరపోయింది. "నిర్మలక్క పొద్దుగాల చెప్పింది వదినా, మంచిది గాదట. ఆదివారమైతె పెద్దింటి పెద్దావిడ అనుకున్న. సేటు గట్లనే చెప్పిండు."

"గౌతమికి ఆమె ఏమైతది?"

భద్రమ్మ ఆలోచించింది. బాణలి వైపు చూసింది, మళ్లీ ఫోన్ వైపు చూసింది. మనస్ఫూర్తిగా, పాపం, తెలుసుకుందామనే అడిగింది. "గౌతమి ఎవలు వదినా?"

కట్టమ్మ నిర్మల చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"గౌతమి ఎవలంటవా?" కట్టమ్మ గొంతులో కోపం లేదు. దవాఖానలో రోగిని పలకరించే గొంతు అది. "గిన్నేండ్లసంది రోజు వస్తాంది గదనే!"

"గీ యాళ్లకు నాకు గిరాకీ ఉంటది వదినా. ఇంట్ల టీవీ ఉన్నది, నేనే ఇంట్లుండ. స్రవంతి చదువంత గీ బండి మీదనే ఎల్లింది. ఎన్నడు కూసోని చూసింది లేదు."

కట్టమ్మ ఆ పొగను, ఆ పిండి చేతులను, వెనక నిలబడ్డ జనాన్ని కాసేపు చూసింది. సరిగ్గా అప్పుడే ప్రకటనలు అయిపోయి సీరియల్ వచ్చింది. మరకతం మొహం మీద ఉరుము ఉరిమింది. కట్టమ్మ రిమోట్ అందుకొని, టీవీ గొంతు నొక్కేసింది.

చాయ్ కప్పులు పట్టుకొని వస్తున్న వినయ్ గడప మీదే ఆగిపోయాడు. "మా అమ్మ సౌండ్ బంద్ వెట్టింది!" అన్నాడు నాతో, చెవిలో.

"ఇను," అంది కట్టమ్మ ఫోన్‌తో. "గౌతమి తల్లి చిన్నప్పుడే సచ్చిపోయింది. కాదు, సచ్చిపోయిందనుకున్నరు..."

అలా మొదటి భాగం నుంచి అందుకుంది. నేను ఎన్నో సినిమాల కథలు చెప్పాను గాని, అలా చెప్పడం నా జన్మలో వినలేదు. ఏళ్ల కథను ఒక్క గంట కూడా కాకుండా దంచి, పొట్టు చెరిగి, గింజ చేతిలో పెట్టింది. ఉరుములు తీసేస్తే ఆ సీరియల్ బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది. బండి దగ్గర గిరాకీ కూడా కదలలేదు. "మరి ఆ పాయసం తాగిందా పిల్ల?" అని ఎవరో ముసలాయన పక్క నుంచి అడిగాడు. "ఆగు తాతా, గాడికే వస్తాన," అని కట్టమ్మ రఘునాథపల్లి నుంచి కసిరింది.

పాయసం దగ్గరికి, ఆకుపచ్చ చీర దగ్గరికి వచ్చేసరికి భద్రమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. మందు కలిపిందని పొద్దున విన్నది గాని, అది ఎంతటి మనిషో ఇప్పుడు తెలిసింది. మొహమంతా శనగపిండి అయింది.

"వదినా! నేను నిన్ను గామె అసుంటిదానివన్ననా? అందరు ఇనంగ? నా నోట్ల మన్నువడ!"

ఆ పిండి మొహం చూసి కట్టమ్మ నవ్వాపుకోలేకపోయింది. ముందు చిన్నగా, ఆ తర్వాత కుర్చీ ఊగేలా నవ్వింది. "ఇడువు తియ్. తెల్వక అన్నవు. ముందుగాల బజ్జీలు చూడు, మాడుతానయ్. రేపు పొద్దుగాల నువ్వు, నేను అయ్యగారి కాడికి పోయి లగ్గం వెట్టిచ్చుకుందాం. పిల్లను మంచిగ తినుమను. పెండ్లిల బక్కగ కనవడ్తె నన్నే అంటరు."

వినయ్ చాయ్ కప్పులన్నీ నా ముందే పెట్టేసి పెరట్లోకి పరుగెత్తాడు, ఎవరికి ఫోన్ చెయ్యడానికో చెప్పక్కర్లేదు.

నేను గౌతమి చీర మళ్లీ ముందుకు జరిపాను. "మరి అది నాకిస్తరా అక్కా? ఇది..."

"ఏది?" అంది కట్టమ్మ, ఆకుపచ్చ చీరను ఒడిలోకి లాక్కొని. "గిది నాది."

లగ్గం బట్టలకు రెండు ఇళ్ల వాళ్లూ కలిసి మా కొట్టుకే వచ్చారు. కట్టమ్మ ఆ ఆకుపచ్చ పట్టు కట్టుకొని వచ్చింది. నల్లటి మనిషి ఒంటి మీద ఆ పచ్చ ఎంత ఒప్పిందంటే, ఆ రంగువి మరి కొన్ని పంపమని నేను సూరత్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆడపడుచులు ఆమె వెనక వచ్చారు. ఒకామె "అదే చీర గద వదినా?" అని నవ్వబోయింది.

"ఔ, అదే," అంది కట్టమ్మ. పరుపు మధ్యన కూర్చొని, కాళ్లు చాపుకొని, "నాకు మస్తు నచ్చింది," అంది. ఇక ఎవరికీ నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

నేను మొదటి చీర విప్పి నోరు తెరిచాను. "ఇదున్నదే, ఇది..."

"పేరు చెప్పకు సేటూ," అంది కట్టమ్మ. "రంగు చెప్పు, సాలు."

"మీరు రంగు గూడ చెప్పొద్దు," అంది నిర్మల గల్లా దగ్గర నుంచి. "వాళ్లకు కండ్లున్నయ్."

స్రవంతి కొంగుతో నోరు మూసుకొని నవ్వింది. ఆ పిల్ల ఒక చీర తీస్తే దాన్ని కట్టమ్మ వెలుగులో పట్టి చూసింది, భద్రమ్మ బుగ్గకు ఆనించి చూసింది. మధ్యమధ్యలో ఇద్దరికీ అదే ముచ్చట. కట్టమ్మ ఇప్పుడు రోజూ సీరియల్ అయిపోగానే బండికి ఫోన్ చేసి ఆ రోజు కథ చెప్తుందట. బజ్జీల కోసం కన్నా ఆ కథ కోసం ఆగే గిరాకీ ఎక్కువైందట.

"నిన్న గౌతమి మళ్ల ఏడ్సిందంటివి గద వదినా," అంది భద్రమ్మ. "గంత ఏడిస్తె ఎట్ల? బండి మీద ఒక్క దినం నిలవడుమను, తెలుస్తది."

"గదే నేను అనేది," అంది కట్టమ్మ.

నాకు కూడా ఆ విషయం మీద పెద్ద అభిప్రాయమే ఉంది. చెప్దామని గొంతు సవరించుకున్నాను. ఇద్దరు వియ్యపురాళ్లూ ఒక్కసారే నా వైపు తిరిగారు. ఒకరు చీర ధర అడిగారు. నేను చెప్పగానే ఇంకొకరు నాకు మందు పెట్టేటట్టే చూశారు. బేరం మొదలైంది. ఒకరు తగ్గించమంటే ఇంకొకరు ఇంకా తగ్గించమంటారు. ఒకరు లేచి పోతామంటే ఇంకొకరు చెప్పుల వైపు చూస్తారు. అంత కలిసికట్టుగా నన్ను ఎవరూ బేరంలో చితకబాదలేదు. పెళ్లి ఎలా ఉండబోతుందో నాకు అక్కడే తెలిసిపోయింది.

చివరికి వాళ్లన్న ధరకే ఒప్పుకొని చీరలు కట్ట కట్టాను. కట్టమ్మ కట్టందుకొని, "మంచోడివే సేటూ," అంది. "ఇగ చాయ్ తెప్పియ్యి. చక్కెర ఎక్కువెయ్యమను. ముందు నువ్వు తాగు, తర్వాత మేం తాగుతం."